లువార్ ఒడ్డున సైకిల్ యాత్ర: ‘రోజుకి ఐదు కోటలు కవర్ చేయొచ్చా అన్నా?’

నిన్న రాత్రి మళ్ళీ అదే మెసేజ్. "అన్నా, పారిస్ నుంచి ఒక్క రోజుకి వస్తున్నాం. సైకిళ్ళు తీసుకుని లువార్ నది ఒడ్డునే వెళ్తూ ఐదు కోటలు కవర్ చేసేద్దాం. ఓకేనా?" కింద వాట్సాప్‌లో తిరిగే ఆ మ్యాప్ కూడా పెట్టారు. నది నీలం గీత, దాని పొడుగునా పూసలు గుచ్చినట్టు కోటలు. ఆ మ్యాప్ గీసినవాడు దొరికితే ఒక రోజు సైకిలెక్కించి తిప్పాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

నేను ఫ్రాన్స్‌లో, ఆ లువార్ ఒడ్డునే ఉన్న తూర్ ఊళ్ళో ఉంటాను. పదేళ్ళుగా జనాన్ని సైకిళ్ళ మీద తిప్పి చూపించడమే నా పని. ఈ మధ్య మనవాళ్ళు బాగా వస్తున్నారు. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉద్యోగాలు చేసేవాళ్ళు, వాళ్ళ దగ్గరికి వేసవికి వచ్చిన అమ్మానాన్నలు. ఊళ్ళు వేరైనా ప్రశ్నలు మాత్రం అవే.

అపోహ: కోటలన్నీ లువార్ ఒడ్డున వరసగా ఉంటాయి

ఉండవు. ఎక్కువమంది డబ్బు, రోజు, ఓపిక మూడూ పోగొట్టుకునేది ఇక్కడే.

"లువార్ కోటలు" అనేది ఒక ప్రాంతానికి ఉన్న పేరు, అంతే. షాంబోర్ ఉన్నది కొసోన్ అనే చిన్న ఏటి పక్కన, అడవి మధ్యలో. షెనోన్సో కట్టింది షెర్ నది మీద. అజె-ల-రిదో అంద్ర్ నదిలో, షినోన్ వియెన్ ఒడ్డున. షెవెర్నీ పక్కన చెప్పుకోదగ్గ నదే లేదు. లువార్‌ని ఎదురుగా పెట్టుకుని నిలబడ్డవి బ్లువా, షోమోన్, అంబ్వాజ్, సోమ్యూర్ లాంటివి కొన్నే.

రాజులు కోట కట్టేటప్పుడు మన సైకిల్ రూటు గురించి ఆలోచించలేదు కదా. వాళ్ళకి కావలసింది వేట. ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్స్వా 1519లో షాంబోర్ మొదలుపెట్టింది అందుకే. నాలుగొందల పైన గదులు, చలి కాచుకోవడానికి 282 పొయ్యిలు. ఇంతా చేసి ఆయన తన పాలన మొత్తంలో అక్కడ ఉన్నది డెబ్బై చిల్లర రోజులు. ఆ ఎస్టేట్ చుట్టూ ఉన్న గోడే 32 కిలోమీటర్లు. గేటు దాటాక "వచ్చేశాం" అని ఫోన్ తీస్తారు, ఇంకా కిలోమీటర్ల కొద్దీ చెట్లే ఉంటాయి.

ఇప్పుడు లెక్క చూడండి. బ్లువా నుంచి షాంబోర్ ఒకవైపే 16 కిలోమీటర్ల పైన. అంబ్వాజ్ నుంచి షెనోన్సో సుమారు 15, మధ్యలో మిట్ట ఎక్కి దిగాలి. తూర్ నుంచి విలాంద్రీ 20 దాకా. అక్కడినుంచి అజె దగ్గరే, కానీ విలాంద్రీ దాటగానే వచ్చే ఎక్కుడు దగ్గర చాలామంది దిగి సైకిల్ తోసుకుంటూ వస్తారు. మామూలు ఫ్యామిలీ ఫోటోలకి ఆగుతూ తొక్కితే గంటకి పది పన్నెండు కిలోమీటర్లు. ఒక్కో కోట లోపల రెండు మూడు గంటలు. ఐదు కోటలు ఎక్కడ సర్దుతారు?

రెండేళ్ళ కింద రెండు జంటలు వచ్చారు. ఎక్సెల్ షీట్ తయారుచేసుకుని మరీ వచ్చారు: తొమ్మిదికి షాంబోర్, పన్నెండుకి షెవెర్నీ, మూడుకి షెనోన్సో, టికెట్లు ముందే కొనేశారు. నేను వద్దన్నాను. "మేము జిమ్‌కి వెళ్తాం అన్నా" అన్నారు. సాయంత్రం నాలుగింటికి ఫోన్ వచ్చింది, పోంలెవోయ్ అనే పల్లె నుంచి. ఎదురుగాలి, ఒక సైకిల్‌కి పంక్చర్, ఒకావిడకి మోకాలి నొప్పి. నేను వ్యాన్ తీసుకెళ్ళేసరికి నలుగురూ చర్చి గోడకి ఆనుకుని ఒక్క బిస్కెట్ ప్యాకెట్ పంచుకుంటున్నారు. షెనోన్సో టికెట్లు నాలుగూ బూడిదలో పోసిన పన్నీరే. వాళ్ళని ఒక్క మాట అనబుద్ధి కాలేదు. అంత ఖర్చుపెట్టి వచ్చినవాళ్ళకి అన్నీ చూడాలని ఉండదా మరి.

మర్నాడు వాళ్ళనే షెనోన్సోకి ఒక్కదానికే తీసుకెళ్ళాను. షెర్ నది మీద వంతెనలా కట్టిన 60 మీటర్ల హాలు ఉంది అక్కడ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ హాలు నిండా గాయపడ్డ సైనికుల మంచాలే. రెండో యుద్ధంలో షెర్ నదే సరిహద్దు గీత అయింది: ఈ ఒడ్డు జర్మన్ల చేతిలో, ఆ ఒడ్డు కాదు. కోట ముందు తలుపు ఇటు, హాలు చివరి తలుపు అటు. ఆ హాల్లోంచి నడిచి తప్పించుకున్నవాళ్ళు ఉన్నారు. మోకాలి నొప్పి ఆవిడ ఆ చివరి తలుపు దగ్గర పావుగంట నిలబడి నదినే చూశారు. షీట్ ప్రకారం అయితే షెనోన్సో మొత్తానికి పెట్టుకున్నది నలభై నిమిషాలు.

కాబట్టి రోజుకి ఒక కోట. రాత్రి బస చేసే ఊళ్ళో ఇంకోటి ఉంటే రెండు. మూడు రోజులుంటే మొదటి రోజు బ్లువా నుంచి షాంబోర్ వెళ్ళి రండి. రెండో రోజు షోమోన్ చూసుకుంటూ అంబ్వాజ్, అది 40 కిలోమీటర్లు. మూడో రోజు షెనోన్సో. ఒక్క రోజే ఉందంటే పారిస్ నుంచి రైల్లో నేరుగా అంబ్వాజ్ దిగండి, అక్కడే తిరగండి.

అపోహ: నది పారే వైపు వెళ్తే అంతా దిగుడే

ఇంజనీర్లు కూడా అడుగుతారు ఇది! ఓర్లెయాన్ నుంచి నాంత్ దాకా మూడొందల కిలోమీటర్ల పైమాటే, అంత దూరంలో నది దిగేది వంద మీటర్లలోపు. మీ కాళ్ళకి అది తెలియను కూడా తెలియదు. తెలిసేది గాలి. ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి, అంటే సముద్రం వైపు నుంచి వీస్తుంది. నదితోపాటు పడమరకి వెళ్ళేవాళ్ళకి అది మొహం మీదే కొడుతుంది.

పైగా దారి చాలాచోట్ల కరకట్ట మీద వెళ్తుంది. గోదావరి గట్టు మీద సైకిల్ తొక్కినవాళ్ళకి చెప్పక్కర్లేదు: ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పొలాలు, గాలికి అడ్డం ఏమీ ఉండదు. వేసవిలో ఇసుక తిన్నెలు తేలిన లువార్‌ని చూసి రాజమండ్రి ఆయన ఒకరు "మనదేనండీ ఇది" అని సైకిల్ దిగిపోయారు. ఈ కట్టలు మధ్యయుగాల నుంచి పెంచుకుంటూ వచ్చినవి. 1846, 1856, 1866 వరదల్లో అవి కూడా ఆగలేదు. పల్లెల్లో గోడల మీద ఆ సంవత్సరాలు చెక్కి గీతలు పెట్టారు, కొన్ని నా తలకన్నా పైన.

పెద్దవాళ్ళు వెంట ఉంటే ముందురోజు గాలి ఎటు చూసుకుని, ఎదురుగాలి అయితే అటు రైల్లో వెళ్ళి ఇటు తొక్కుకుంటూ రండి. వేసవిలో ఓర్లెయాన్, నాంత్ మధ్య సైకిళ్ళకి ఎక్కువ చోటు ఉండే రైళ్ళు నడుస్తాయి. టీజీవీ అనే హైస్పీడ్ రైలు సంగతి వేరు, దాన్లోకి సైకిల్ అలాగే తోసుకెళ్ళిపోతామంటే కుదరదు. సొంత సైకిల్ తెచ్చుకునే కన్నా ఇక్కడ అద్దెకి తీసుకోవడం సుఖం.

మిగతావి గబగబా

"మాకు అలవాటు లేదు, పరువు పోతుందేమో." పోదు. లువార్ సైకిల్ దారి మొత్తం 900 కిలోమీటర్లు, అంతా తొక్కమని ఎవరూ అడగరు. బ్యాటరీ సైకిళ్ళు ఉన్నాయి. అరవై దాటినవాళ్ళకి నేను అవే ఇస్తాను, సాయంత్రం తిరిగి ఇవ్వమంటే వాళ్ళు ఇవ్వరు.

"దారంతా సైకిళ్ళకే." కాదు. కొంత సైకిళ్ళకే, కొంత పల్లె రోడ్లు, కార్లు తక్కువే. పిల్లల్ని ముందు వదిలేసి ఫోన్ చూసుకోకండి.

"గోడలేవి, ఫిరంగులేవి, ఇదేం కోట?" గోల్కొండని మనసులో పెట్టుకుని వస్తే ఇలాగే ఉంటుంది. మీరు చూసేవి చాలావరకు రాజుల విలాస భవనాలు. అసలు సిసలు కోట కావాలంటే ఆంజె వెళ్ళండి, 17 బురుజులు.

"షాంబోర్ ప్లాన్ గీసింది లియొనార్డో డావిన్చీయే." ఆయన 1516లో అంబ్వాజ్ వచ్చారు, 1519 మే 2న అక్కడే పోయారు. షాంబోర్ పనులు ఆ సెప్టెంబర్‌లో మొదలయ్యాయి. ఒకరికొకరు ఎదురుపడకుండా ఎక్కి దిగే ఆ జంట మెట్ల ఆలోచన ఆయనదేమో అనొచ్చు, కానీ ఆయన గీశాడనే కాగితం ఏదీ లేదు.

"శాకాహారం దొరకదు." దొరుకుతుంది, వేళకి వెళ్తే. పల్లెల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకే వంట. తర్వాత బతిమాలినా పెట్టరు. సోమవారం బేకరీలు కూడా చాలా మూసేస్తారు. పొద్దున్నే బ్రెడ్, సెంత్-మోర్ మేక చీజ్ సంచిలో వేసుకోండి. మధ్యలో గడ్డిపరక గుచ్చి ఉంటుంది, అది పొరపాటున పడింది కాదు, తీసేసి తినండి.

అపోహ: నది ఇంత ప్రశాంతంగా ఉంది, ఒక మునక వేస్తే ఏమవుతుంది

ఇక్కడ నేను మర్యాదగా మాట్లాడను. దిగొద్దు. పైకి చీలమండ లోతే కనిపిస్తుంది, ఇసుక తిన్నె అంచు కాలి కింద జారిపోతుంది, పక్కనే గుంట, దాన్లో సుడి. చాలా ఊళ్ళలో స్నానం నిషేధం, ఊరికే పెట్టలేదు.

తాగే నీళ్ళు మాత్రం ఉచితమే, పల్లె శ్మశానాల్లో. సమాధుల మీద పూలకి నీళ్ళు పోయడానికి గేటు దగ్గర కుళాయి ఉంటుంది, ఇక్కడి సైకిలిస్టులందరూ సీసాలు అక్కడే నింపుకుంటారు. తాగకూడని నీళ్ళయితే సాధారణంగా బోర్డు ఉంటుంది, చూసుకోండి. పోయిన జూన్‌లో గుంటూరు ఆంటీ గారు ఒకరు ఎండకి తట్టుకోలేక అడగకుండానే గడగడా తాగేశారు. బయటికొచ్చి గేటు మీద ఫ్రెంచి ముక్క ఏమిటని అడిగారు. శ్మశానం అని చెప్పాను. ఆవిడ మొహం చూడాలి. "అయితే ఇప్పుడు తలస్నానం చేయాలి కదా బాబూ" అని నది వైపు చూశారు. నదిలో దిగకూడదని పొద్దున అరగంట చెప్పినవాణ్ణి నేనే. ఇద్దరం కాసేపు ఆలోచించాం. చివరికి ఆవిడ మళ్ళీ లోపలికెళ్ళి, అదే కుళాయి కింద కాళ్ళు కడుక్కుని, నెత్తిన మూడు చుక్కలు చల్లుకుని, సీసా నింపుకుని వచ్చి సైకిలెక్కారు.