పవర్ స్టీరింగ్ రాక్ విప్పడం, బిగించడం: మా షెడ్డులో వినే అపోహలు, అసలు సంగతులు

హనుమకొండలో మా షెడ్డుకు స్టీరింగ్ సమస్యతో వచ్చేవాళ్లలో చాలామంది రోగం పేరు కూడా వాళ్లే చెప్పేస్తారు. “అన్నా, రాక్ పోయింది. కొత్తదెంతయితది?” బండి ఇంకా గేటు దాటి లోపలికి రాలేదు, రాక్ మాత్రం అప్పటికే పోయింది!

ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. రాక్ అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు పక్కకు జరిగి ముందు చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ, దాని గొట్టం కలిసిన భాగం. రాక్ విప్పడం అంత పెద్ద విద్యేమీ కాదు. కొన్ని బోల్టులు, రెండు ఆయిల్ పైపులు, రాక్‌ను చక్రాలకు కలిపే రెండు టై రాడ్ ఎండ్లు, స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం నుంచి కిందికి దిగే కడ్డీ) కింద ఒక జాయింటు. కొన్ని బండ్లలో ఇంజిన్ కింది ఫ్రేమ్ కూడా దించాలి, అప్పుడు పని పెరుగుతుంది. కానీ బండి తిరిగి వచ్చి గొడవయ్యేది ఈ విప్పడం దగ్గర కాదు. పానా పట్టుకునే ముందు పది నిమిషాలు ఆగి గుర్తులు పెట్టుకోకపోవడం దగ్గర. అసలు విప్పాల్సిన అవసరం ఉందో లేదో చూడకపోవడం దగ్గర.

అపోహ: “కట్ కట్ మంటోంది, అంటే రాక్ పోయినట్టే”

గుంతల్లో కట్ కట్ అనే చప్పుడు పది బండ్లకు వస్తే, అందులో రాక్ నిజంగా అరిగినవి నా లెక్కలో రెండో మూడో ఉంటాయి. మిగతావన్నీ స్టెబిలైజర్ లింకులు, టై రాడ్ ఎండ్లు, కింది ఆర్మ్ బాల్ జాయింటు, షాక్ అబ్జార్బర్ పైన ఉండే మౌంటు. వీటిలో కొన్నింటి ఖరీదు కొత్త రాక్ ఖరీదు ముందు లెక్కలోకే రాదు. అందుకే రాక్ పోయిందని ఎవరైనా వెంటనే అంటే నాకు అనుమానం వస్తుంది.

చూసే పద్ధతి సులువు. బండిని నేల మీదే ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి, ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను అటూ ఇటూ కొంచెం కొంచెం, గబగబా ఊపాలి. ఇంకొకరు కింద ఒక్కో జాయింటు మీద అరచేయి పెట్టి చూడాలి. ఏ జాయింటులో ఆట (వదులు) ఉంటే అక్కడ చేతికి టక్కున తగులుతుంది. చెవి మోసం చేస్తుంది. చప్పుడు ఇనుము వెంట పాకుతుంది కాబట్టి ఎడమ పక్క శబ్దం కుడి పక్క వచ్చినట్టు వినిపిస్తుంది. చేయి మాత్రం మోసం చేయదు.

స్టీరింగ్ చక్రం దగ్గర ఆట ఎంత ఉందో కూడా చూడాలి. చక్రాలు కదలకుండా స్టీరింగ్ అంచు ఎంత దూరం తిరుగుతుందో స్కేలుతో కొలిస్తే చాలు. చాలా కార్ల మాన్యువల్స్‌లో 30 మిల్లీమీటర్లు దాటకూడదని ఉంటుంది. దాటిందంటే రాక్ ఒక్కటే కారణం అనుకోవద్దు, కాలమ్ కింద ఉండే యూనివర్సల్ జాయింటు కూడా అరిగి ఉండొచ్చు. ఆ జాయింటు తుప్పు పట్టి బిగుసుకుపోతే స్టీరింగ్ ఒక చోట టైట్, ఒక చోట లూజు అవుతుంది. ఇలాంటి బండికి రాక్ మార్చినా అదే కంప్లయింటు మళ్లీ వస్తుంది.

దీనికి తోడు ఇంకో అలవాటు ఉంది. రాక్ మీద ఒక అడ్జస్టింగ్ నట్టు ఉంటుంది. “అది కొంచెం బిగిస్తే ఆట పోతది” అని బిగించేస్తారు. చప్పుడు ఆ రోజుకు తగ్గుతుంది. కానీ మలుపు తిప్పాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాదు, మనం లాగి తేవాలి. హైవే మీద ఇది ఎంత ప్రమాదమో డ్రైవింగ్ చేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. రాక్ మధ్యలో ఎక్కువ అరుగుతుంది, చివర్లలో తక్కువ. మధ్యలో ఆట పోయేంత బిగిస్తే చివర్లలో అది పట్టేస్తుంది.

అపోహ: “బూట్ చిరిగితే ఏంది, రబ్బరే కదా”

రాక్ రెండు చివర్లలో ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు తొడుగే బూట్. ధర తక్కువ, కానీ రాక్ ప్రాణం దాని చేతిలో ఉంది. మన దగ్గర నల్లరేగడి నేలలు. పత్తి చేల దారిలో వానాకాలం ఒకసారి పోయి వస్తే చక్రాల లోపలంతా బురద పేరుకుంటుంది. మేడారం జాతరకు పోయి వచ్చిన బండ్లను చూడండి, దుమ్ముతో గోధుమ రంగు తిరిగి ఉంటాయి. ఆ దుమ్ము, ఆ బురద నీళ్లు చిరిగిన బూట్ లోపలికి పోతే నున్నటి రాక్ కడ్డీ మీద తుప్పు చుక్కలు పడతాయి. ఆ చుక్కలు ఆయిల్ సీలును ఆకురాయిలా గీకుతాయి. తుప్పు పట్టిన కడ్డీకి కొత్త సీళ్లు వేస్తే ఎన్నాళ్లు ఆగుతాయి? చౌకగా రిపేరు చేయించి, మళ్లీ లీకని వచ్చే బండ్లలో ఎక్కువ ఇవే.

హైడ్రాలిక్ బండ్లలో, అంటే స్టీరింగ్‌కు ఆయిల్ ప్రెజరు సాయం చేసేవాటిలో, బూట్‌ను వేళ్లతో నొక్కి చూడండి. లోపల ఆయిల్ గలగలమంటే సీలు పోయిందని అర్థం. ఈ పరీక్షకు మెకానిక్ కూడా అక్కర్లేదు.

అపోహ: “రాక్ విప్పినప్పుడు స్టీరింగ్ చక్రం ఎటు తిరిగినా పర్వాలేదు”

ఇది చెప్పడానికి నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ బండ్లు మా షెడ్డుకు కొత్తగా వస్తున్న రోజులు. రాక్ దించాం. పని మధ్యలో మా కుర్రాడు లోపల కూర్చుని పాటలు వింటూ స్టీరింగ్ చక్రాన్ని సరదాగా గిరగిరా తిప్పాడు. కింద పట్టి ఉంచడానికి రాక్ లేదు కదా, ఎన్ని చుట్లయినా తిరుగుతుంది. సాయంత్రం బండి బిగించాక హారన్ మోగలేదు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరలేదు. చక్రం కింద స్పైరల్ కేబుల్ అని పల్చటి రిబ్బన్ లాంటి తీగ చుట్టి ఉంటుంది. కుడికి కొన్ని చుట్లు, ఎడమకు కొన్ని చుట్లు వరకే దానికి పొడవు. దాటితే తెగిపోతుంది. ఆ కేబుల్ డబ్బులు నా జేబులోంచే పోయాయి. ఆ తర్వాత ఆ కుర్రాడి చేత పాటలు మాన్పించలేకపోయాను గానీ స్టీరింగ్ ముట్టుకోకుండా మాత్రం చేశాను.

2019 జులై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అంటే ఇప్పుడు రోడ్డు మీదున్న చిన్న కార్లలో కూడా చాలావాటికి ఈ కేబుల్ ఉంటుంది. కాబట్టి వరుస ఇది: చక్రాలు నిటారుగా పెట్టాలి. స్టీరింగ్‌ను సీటు బెల్టుతోనో తాడుతోనో కట్టేయాలి. తాళం తీసి పక్కన పెట్టాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, బండి మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాలి. వైరు తీసినా ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌లో కొంతసేపు కరెంటు నిల్వ ఉంటుంది.

తర్వాత కాలమ్ షాఫ్టు, రాక్ పినియన్ (రాక్‌ను కదిపే చిన్న పళ్ల చక్రం) కలిసే చోట తెల్ల పెయింటుతో ఒక గీత. రెండు ముక్కల మీదా పడాలి. చాక్‌పీస్ గీత ఆయిల్ చేయి తగలగానే పోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. టై రాడ్ లాక్ నట్టు దగ్గర కూడా గుర్తు, ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్క. ఈ లెక్కను నేను ఇప్పటికీ బండి నంబరుతో సహా గోడ మీద రాసుకుంటాను. మా గోడ చూసి చిట్టీల లెక్కలనుకునేవాళ్లున్నారు.

కొత్త రాక్ పెట్టేటప్పుడు గీత ఒక్కటే పనికిరాదు, కొత్తదానికి పాత గీత ఉండదు కాబట్టి. పినియన్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పి చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగం దగ్గర ఆపాలి. అదే రాక్ మధ్య. ఈ మధ్య తప్పితే బండి ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ తిరుగుతుంది. ఎక్కువ తిరిగే వైపు స్పైరల్ కేబుల్ మళ్లీ తెగొచ్చు.

అపోహ: “స్టీరింగ్ వంకరగా వచ్చింది, చక్రం పీకి నిటారుగా పెట్టు”

వద్దు. చక్రం వంకరగా ఉందంటే కింద టై రాడ్లు సమానంగా లేవని, లేదా రాక్ మధ్యలో లేదని అర్థం. పైన చక్రాన్ని ఒక పల్లు జరిపి పెడితే కంటికి బాగుంటుంది, కింది తప్పు అలాగే ఉంటుంది. ఈఎస్పీ (బండి జారకుండా తనంతట తాను బ్రేకు వేసే సిస్టమ్) ఉన్న బండ్లలో స్టీరింగ్ ఏ కోణంలో ఉందో చెప్పే సెన్సర్ ఉంటుంది. బండి నిటారుగా పోతున్నా అది మలుపు తిరుగుతోందని చెబితే లైటు వెలుగుతుంది, ఒక్కోసారి అవసరం లేకుండా బ్రేకు కూడా పడుతుంది. రాక్ పని తర్వాత వీల్ అలైన్‌మెంట్, ఆ బండ్లకైతే స్కానర్‌తో సెన్సర్ జీరో సెట్టింగ్ కూడా చేయించాలి. గుర్తులు ఎంత బాగా పెట్టినా అలైన్‌మెంట్ తప్పదు. గుర్తులు అలైన్‌మెంట్ సెంటర్ దాకా టైరు తినకుండా పోవడానికే.

అపోహ: “ఆయిల్ ఏదైనా ఆయిలే”

అన్నింటికంటే నాకు కోపం తెప్పించేది ఇదే. దారిలో స్టీరింగ్ ఆయిల్ తగ్గిందని ఎవరో బ్రేక్ ఆయిల్ పోసి పంపిస్తారు. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్‌తో చేసింది, పవర్ స్టీరింగ్ రబ్బర్లు ఖనిజ నూనెకు తట్టుకునేలా చేసినవి. గ్లైకాల్ తగిలితే ఆ రబ్బర్లు ఉబ్బి మెత్తబడతాయి. పంపు సీళ్లు, రాక్ సీళ్లు, పైపులు అన్నీ ఒకేసారి పోతాయి. ఒక్క సీసా ఆయిల్‌తో మొత్తం సిస్టమ్ మార్చాల్సి వచ్చిన బండ్లు చూశాను. పొరపాటున పోసినట్టు తెలిస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా బండిని తోయించి అయినా షెడ్డుకు తేవడమే మేలు.

చాలా బండ్లకు ఎర్రగా ఉండే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఆయిల్) సరిపోతుంది, కొన్నింటికి కంపెనీ ప్రత్యేకంగా వేరే ఆయిల్ చెబుతుంది. ట్యాంకు మూత మీదే రాసి ఉంటుంది, చదివితే చాలు. లీకు ఆపే మందు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: అది సీలును కొంచెం ఉబ్బించి కొన్నాళ్లు ఆపుతుంది. బండి అమ్మేసేవాళ్లకు పనికొస్తుందేమో, ఉంచుకునేవాళ్లకు కాదు.

ఇక స్విఫ్ట్, వ్యాగన్ ఆర్ ఓనర్లు కూడా “స్టీరింగ్ ఆయిల్ మార్చు” అంటారు. వాటిలో ఆయిలే లేదు. స్టీరింగ్‌కు సాయం చేసేది ఎలక్ట్రిక్ మోటారు. సుజుకీ 1988లోనే సెర్వో అనే చిన్న కారులో ఈ పద్ధతి తెచ్చింది. ఇలాంటి బండి స్టీరింగ్ టైట్ అయితే ముందు బ్యాటరీ, ఫ్యూజు, కనెక్టర్లు చూడాలి. 2023 జులైలో ఇక్కడి కాలనీల్లోకి వరద వచ్చినప్పుడు మునిగిన బండ్లలో కనెక్టర్ల పచ్చ తుప్పే ఎక్కువ కనిపించింది.

అపోహ: “బిగించి, ఆయిల్ పోసి, స్టార్ట్ చేస్తే అయిపోయింది”

అలా చేస్తే ఆయిల్ నురుగు కట్టి, పంపు గుయ్ గుయ్ మంటుంది. లోపల గాలి ఉంది. అది వినగానే “పంపు కూడా పోయింది” అంటారు, కస్టమర్ ఇంకో ఖర్చుకు సిద్ధమవుతాడు. ఓపిక ఉంటే ఖర్చు లేదు. ముందు చక్రాలు గాల్లో ఉండేలా స్టాండ్ల మీద పెట్టి, ఇంజిన్ ఆపే ఉంచి, స్టీరింగ్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు నెమ్మదిగా పది పదిహేను సార్లు తిప్పాలి. ఆయిల్ దిగుతుంటే పోస్తూ ఉండాలి. బుడగలు ఆగాక స్టార్ట్ చేసి, ఐడిల్‌లో మళ్లీ తిప్పాలి. చివరలో ఐదు సెకన్లకు మించి పట్టుకోవద్దు. అక్కడ ప్రెజరు గరిష్ఠానికి పోయి ఆయిల్ కాగుతుంది. టైరులో గాలి రెండు బార్ చిల్లర ఉంటే, ఈ పంపు 70 బార్ కూడా దాటుతుంది. అందుకే ప్రెజర్ పైపును మామూలు రబ్బరు ముక్క, క్లిప్పుతో అతికించే పనులు చేయొద్దు. పైపు జాయింట్ల దగ్గర రాగి వాషర్లు, ఓ-రింగులు కూడా ప్రతిసారీ కొత్తవే.

చిన్నవి ఒకటి రెండు. టై రాడ్ ఎండ్ ఊడకపోతే దాని మర మీద సుత్తితో కొట్టకండి, నకిల్ (చక్రం బిగించి ఉండే ఇనుప ముక్క) చెవి పక్కన కొట్టండి. బిగించేటప్పుడు స్ప్లిట్ పిన్ రంధ్రం కుదరకపోతే నట్టును వెనక్కి వదలొద్దు, ఇంకొంచెం ముందుకే బిగించాలి. పాత పిన్ను మళ్లీ వాడొద్దు. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరొద్దు, “రెండు నిమిషాల పనే” అన్నా సరే.

ఇంజిన్ ఆగిపోతే స్టీరింగ్ లాక్ అవుతుందని భయపడేవాళ్లూ ఉన్నారు. అవ్వదు, బరువెక్కుతుంది అంతే. చక్రానికీ టైర్లకూ మధ్య ఇనుము ఇనుముగానే కలిసి ఉంటుంది. లాక్ అయ్యేది కదిలే బండిలో తాళం బయటికి లాగినప్పుడు.

“పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇస్తవా?” అని అడుగుతారు. పని సాయంత్రానికి అవుతుంది. కాజీపేట దాకా ఒక రౌండు వేసి, మలుపులో చేయి వదిలితే స్టీరింగ్ తిరిగి వస్తోందో లేదో చూస్తాను. కానీ బండిని ఆ రాత్రి షెడ్డులోనే ఉంచి కింద ఒక తెల్ల అట్టముక్క పరుస్తాను. తెల్లారి దాని మీద ఎర్ర చుక్క కనిపించకపోతేనే తాళం చేతికిస్తాను.