మురుగునీటి ప్లాంటు నిజంగా పనిచేస్తోందా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని చిన్న మున్సిపాలిటీల మురుగునీటి ప్లాంట్లను చూసి రిపోర్టు ఇవ్వడం నా పని. ఏ ఊరు వెళ్లినా ఈ మాటలే వినిపిస్తాయి.

అపోహ: బయటికొచ్చే నీళ్లు తేటగా ఉంటే శుద్ధి అయినట్టే.

వాస్తవం: నీళ్లలో కరిగిన మురికి, క్రిములు కంటికి కనిపించవు. 2017 కేంద్ర ప్రమాణాల ప్రకారం మన ఊళ్లలాంటి చోట వదిలే నీటిలో బీఓడీ (మురికిని తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు, మల కోలిఫాం (మలం కలిసిందని చెప్పే బాక్టీరియా) లెక్క 100 మిల్లీలీటర్లకు 1000 లోపు ఉండాలి. నాకు ఈ రెండోదే ఎక్కువ టెన్షన్. ఆ కాలువ కింద నారుమళ్లలో వట్టి కాళ్లతో దిగేది మన కూలీలే.

అపోహ: ఒక్క సీసా శాంపిల్ చాలు.

వాస్తవం: పొద్దున ఊరంతా స్నానాలు, వంటలు అయ్యేటప్పుడు వచ్చే నీరు వేరు, మధ్యాహ్నం వచ్చేది వేరు. గంటగంటకూ పట్టి, ప్రవాహాన్ని బట్టి కలపాలి. ప్రవాహం కొలవడానికి 90 డిగ్రీల వి ఆకారపు గాడి ఉన్న రేకు చాలు. గాడిలో నీరు 10 సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకు దాదాపు 4.4 లీటర్లు. ఎత్తు 20 అయితే నీరు రెట్టింపు కాదు, అయిదు రెట్లు దాటుతుంది. కంటి అంచనా తప్పేది ఇక్కడే.

అపోహ: గాలి పంపే బ్లోయర్ తిరుగుతోందంటే ప్లాంటు నడుస్తున్నట్టే.

వాస్తవం: నేను లాగ్‌బుక్ కంటే ముందు గాజు సిలిండర్ తీస్తాను. మురికిని తినే సూక్ష్మజీవులకు గాలి అందించే ఏరేషన్ ట్యాంకు నుంచి లీటరు నీళ్లు పట్టి అరగంట కదపకుండా పెడతాను. మంచి ప్లాంటులో ఆ సూక్ష్మజీవుల గోధుమరంగు బురద సిలిండర్ మీద దాదాపు 200, 300 మిల్లీలీటర్ల గీతల మధ్యకు దిగి, పైన తేట నీరు నిలుస్తుంది. తడి మట్టి వాసన వస్తుంది. నిరుడు ఒకచోట 20 గీత దగ్గర నల్లటి పొర, కుళ్లిన గుడ్ల వాసన. పక్కన నిలబడ్డ ఆపరేటర్ కుర్రాడు గొంతు తగ్గించి, "కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని రాత్రిళ్లు ఆపమన్నారు మేడమ్" అన్నాడు. గాలి అందక సూక్ష్మజీవులు చచ్చిపోయాయి. తప్పు ఆ అబ్బాయిది కాదు. కరెంటుకు విడిగా బడ్జెట్ పెట్టమని రిపోర్టులో మొదటి మాటగా రాశాను.

అపోహ: శుద్ధి కుంటల్లో నీళ్లు పచ్చగా ఉంటే పాడైనట్టు.

వాస్తవం: ఆ పచ్చదనం నాచుది. ఎండలో అది ఆక్సిజన్ ఇస్తుంది, దానితోనే బాక్టీరియా మురికిని తింటుంది. నల్లబడి కంపు కొడితే అప్పుడు భయపడాలి.

అపోహ: జనాభా లెక్క కట్టి ప్లాంటు కడితే చాలు.

వాస్తవం: మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగు అని లెక్క వేస్తారు. కానీ మన వీధుల్లో మరుగుదొడ్డి నీళ్లు సెప్టిక్ ట్యాంకుకు, వంటింటి నీళ్లు కాలువకు పోతాయి కాబట్టి ప్లాంటుకు చేరేది ఆ లెక్కకు సరిపోదు. అక్టోబరు వానలు మొదలైతే అదే కాలువలో వాననీరూ కలుస్తుంది. అందుకే మే నెలలో ఒకసారి, నవంబరు వానల్లో ఒకసారి చూడకుండా నేను సంతకం పెట్టను. సెప్టిక్ ట్యాంకులు తోడే ట్యాంకర్ ఆ బురదను ఎక్కడ దింపుతోందో కూడా డ్రైవర్‌నే అడుగుతాను.