బెర్లిన్ దారి అమ్మాన్‌లోనే మూసుకుపోయింది

బెర్లిన్‌లో 2026 సెప్టెంబరులో జరిగే మహిళల బాస్కెట్‌బాల్ ప్రపంచకప్ కోసం పెట్టిన అర్హత టోర్నీల జాబితాలో భారత్ లేదు. దాంతో తిరుపతి, చిత్తూరు మైదానాల్లో పాత వాదన మళ్లీ రాజుకుంది. మన అమ్మాయిలకు ఎత్తు చాలదు, అంతే అంటారు సెలక్షన్లలో కుర్చీలు వేసుకుని కూర్చునే పెద్దలు. రోజూ సాయంత్రం పిల్లల్ని ఆడించే పీడీలు (ఫిజికల్ డైరెక్టర్లు) మాత్రం ఒప్పుకోవడం లేదు. ఒప్పుకుంటే పదమూడేళ్ల పిల్లను వరసలో నిలబెట్టి, పొట్టిగా ఉందని ఇంటికి పంపడం సరైనదే అయిపోతుంది.

ఈ ఆట ఎక్కడ పుట్టింది, మన దేశానికి ఎలా వచ్చింది అన్నది బడిపిల్లలకూ తెలుసు. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 2021 ఆసియా కప్‌లో, జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో జరిగిన ఒక మ్యాచ్ చాలు. ఏడో స్థానం కోసం ఫిలిప్పీన్స్‌తో ఆడి, 74-70తో మనం ఓడిపోయాం.

ఏడో స్థానానికి ఎవరూ పతకం ఇవ్వరు. కానీ ఆసియా కప్‌లో ఎ, బి అని రెండు డివిజన్లున్నాయి. పైదాంట్లో ఎనిమిది జట్లు. ప్రపంచకప్‌కైనా ఒలింపిక్స్‌కైనా ఆసియా నుంచి అర్హత టోర్నీలకు వెళ్లేది ఆ ఎనిమిదిలోంచే. ఆఖర్న నిలిచిన జట్టు బికి దిగిపోతుంది. బిలో గెలిచిన ఒక్క జట్టే పైకి వస్తుంది. అమ్మాన్‌లో పోయింది మ్యాచ్ ఒక్కటే కాదు, ఆ తర్వాతి టోర్నీలన్నిటికీ వెళ్లే హక్కు కూడా.

ఆ హక్కు సంపాదించింది మన పక్కనే. 2017 జులైలో బెంగళూరు కంఠీరవ ఇండోర్ స్టేడియంలో బి డివిజన్ ఫైనల్‌లో కజకిస్థాన్‌ను 75-73తో ఓడించి పైకి వెళ్లాం. చిత్తూరు నుంచి బస్సెక్కితే నాలుగైదు గంటల దూరం. 2019లో ఎ డివిజన్ పోటీలూ బెంగళూరులోనే జరిగాయి. మనం ఎనిమిదో స్థానంలో ఆగినా ఆసారి కిందికి దిగలేదు, ఆ నవంబరులో కౌలాలంపూర్‌లో టోక్యో ఒలింపిక్స్ కోసం పెట్టిన ఆసియా తొలి దశ అర్హత టోర్నీ ఆడగలిగాం. జపాన్, ఆస్ట్రేలియా, చైనీస్ తైపీ ఉన్న గ్రూపు. అన్నీ ఓడిపోయాం, నిజమే. అయినా ఆ కోర్టు మీద అడుగు పెట్టాం కదా!

2019 చివరికీ అమ్మాన్‌కీ మధ్య ఏం జరిగిందో పెద్దల లెక్కలో కనిపించదు. 2019 డిసెంబరులో లూధియానాలో సీనియర్ నేషనల్స్ జరిగాయి. తర్వాతివి 2022 ఏప్రిల్‌లో, చెన్నైలో. రెండేళ్లు దాటిన ఆ ఖాళీలోనే అమ్మాన్ వచ్చింది. 2020 మార్చిలో బెంగళూరులో జరగాల్సిన 3x3 (ముగ్గురేసి ఆడే బాస్కెట్‌బాల్) ఒలింపిక్ అర్హత టోర్నీ కూడా వాయిదా పడి, చివరికి ఆస్ట్రియాలోని గ్రాజ్‌కు తరలిపోయింది. కొవిడ్‌లో ఎవరేం చేయగలరని బాస్కెట్‌బాల్ సమాఖ్య వైపు వాళ్లు అడుగుతారు. కొవిడ్ ఫిలిప్పీన్స్‌లోనూ ఉంది.

ఎత్తు మాటకొస్తే, అమ్మాన్‌లో కప్పు గెలిచింది జపాన్. అది వాళ్లకు వరసగా ఐదోది. అంతకు రెండు నెలల ముందే టోక్యోలో ఒలింపిక్ రజతం గెలిచారు. ఫ్రాన్స్‌తో సెమీఫైనల్‌లో 18 అసిస్టులు (తోటివాళ్లు బాస్కెట్ వేసేలా ఇచ్చిన పాసులు) అందించి ఒలింపిక్ రికార్డు సృష్టించిన రుయి మచిదా ఎత్తు 162 సెంటీమీటర్లు. తిరుపతిలో ఏ జూనియర్ కాలేజీ గేటు దగ్గర నిలబడినా అంత ఎత్తున్న అమ్మాయిలు డజన్ల కొద్దీ కనిపిస్తారు. ఆ పొట్టి జట్టును నిలబెట్టింది నెలల తరబడి సాగే వాళ్ల దేశవాళీ లీగ్.

నాలుగు పాయింట్లతో బయటపడ్డ ఫిలిప్పీన్స్ 2023లో సిడ్నీలో, 2025లో షెన్‌జెన్‌లో ఎ డివిజన్ ఆడింది. మధ్యలో, 2024 ఆగస్టులో, ఇదే బెర్లిన్ ప్రపంచకప్ కోసం కిగాలీలో జరిగిన తొలి దశ అర్హత టోర్నీకీ వెళ్లింది. సిడ్నీలో గానీ షెన్‌జెన్‌లో గానీ ఎ డివిజన్‌లో మన జట్టు లేదు. మళ్లీ మ్యాచ్‌లు దొరికాక 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇదే భారత్ క్వార్టర్‌ఫైనల్ దాకా వెళ్లింది. అప్పటికి ఎవరి ఎత్తూ పెరగలేదు.

ఇక మన దగ్గరికొస్తే, 2022 ఏప్రిల్‌లో పాత చిత్తూరు జిల్లా చీలింది. చిత్తూరుకో జట్టు, తిరుపతికో జట్టు. మధ్య దూరం 70 కిలోమీటర్లు. పిల్లల్లో చాలామంది ఆడేది సిమెంటు కోర్టుల మీదే. నవంబరు వానలు మొదలైతే అదీ ఉండదు. ఇంటర్ రెండో ఏడాదికి వచ్చేసరికి సగం మంది ఎంట్రన్స్ కోచింగుల టెన్షన్‌లో పడి బంతి వదిలేస్తారు. ఉన్నవాళ్లకైనా రెండు జిల్లాల మధ్య నెలకో మ్యాచ్ పెట్టండి, బస్సు ఖర్చులు మేమే చూసుకుంటాం అని పీడీలు అడుగుతున్నారు. ముందు ఇండోర్ హాలు రావాలి, తర్వాత చూద్దాం అన్నది పెద్దల జవాబు.