హెడ్‌లైటు కింద అంటించే స్టిక్కరు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో స్నోమొబైల్‌తో (మంచు మీద నడిచే మోటారు బండితో) ట్రెయిల్, అంటే ఆ బళ్లకోసం వేసిన మంచు బాట, ఎక్కాలంటే బండి ముందు భాగంలో, హెడ్‌లైటుకు సరిగ్గా పైనగానీ కిందగానీ ఒక పర్మిట్ స్టిక్కరు ఉండాలి. ఆ చిన్న ముక్క ఖరీదు ఇటీవలి సీజన్లలో 52 డాలర్లు. అక్టోబరు 1న మొదలై మరుసటి సెప్టెంబరు 30 వరకు చెల్లుతుంది. వినడానికి ఏడాది పాసే. కానీ అక్కడ ట్రెయిళ్లను చదును చేసి నడిపేది డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకే. పన్నెండు నెలల కాగితానికి నాలుగు నెలల దారి. ఆ నాలుగు నెలలైనా మంచు పడితేనే.

2023-24 చలికాలంలో అది పడాల్సినంత పడలేదు. అమెరికా ప్రధాన భూభాగంలో లెక్కలు రాయడం మొదలయ్యాక అప్పటిదాకా అంత వెచ్చని చలికాలం లేదు. పొరుగు రాష్ట్రం విస్కాన్సిన్‌లోని హేవర్డ్‌లో ఏటా జరిగే బిర్కెబైనర్ స్కీ పందేన్ని ఆ ఏడు యంత్రాలతో తయారుచేసిన మంచు పరిచి, పది కిలోమీటర్ల చుట్టుదారిలోనే తిప్పి ముగించారు. మంచు లేక బేరాలు పోయిన మోటళ్లకు, హోటళ్లకు, బళ్లు అద్దెకిచ్చేవారికి కేంద్ర ప్రభుత్వం విపత్తు రుణాలు ప్రకటించింది. కరవొస్తే రైతుకు ఇచ్చే తరహాలో అన్నమాట. స్టిక్కరు అంటించుకుని గరాజుల్లోనే ఉండిపోయిన బళ్ల యజమానులకు మాత్రం ఏ పరిహారమూ లేదు. సీజన్ పాస్ కొనడం దండగా, లాభమా అన్న పాత వాదన మళ్లీ లేచింది. 52 అన్న అంకె ఒక్కదాన్నే పట్టుకుంటే అది తేలే వాదన కాదు. అసలు మంచు మీద నడవడానికి రుసుము ఎందుకు వచ్చిందో చూడాలి.

విస్కాన్సిన్‌లోని సేనర్ అనే చిన్న ఊళ్లో దుకాణం నడిపే కార్ల్ ఎలియాసన్‌కు పాదం అవకరం. మిత్రులతో కలిసి మంచులో వేటకు నడవలేక, 1924లో తన దుకాణం వెనుక షెడ్డులో ఒక పొడవాటి చెక్కబల్లకు పడవ ఇంజను బిగించాడు. దాని శక్తి రెండున్నర హార్స్‌పవర్. ఫోర్డ్ మోడల్ టీ కారు రేడియేటరు ముక్క, ముందు రెండు స్కీలు, వాటిని తిప్పడానికి తాళ్లు. 1927లో పేటెంటు వచ్చింది. కెనడాలోని క్విబెక్ కథ ఇంకా బరువైనది. వాల్కోర్‌లో మెకానిక్ జోసెఫ్ అర్మాన్ బొంబార్డియే రెండేళ్ల కొడుకు 1934 చలికాలంలో అపెండిసైటిస్‌తో చనిపోయాడు. దారులన్నీ మంచులో కూరుకుపోయి ఆసుపత్రికి చేర్చే మార్గం లేకపోయింది. మంచు మీద నడిచే బండి కోసం అంతకుముందునుంచే ప్రయోగాలు చేస్తున్న ఆయన ఆ తర్వాత మూడేళ్లకు దాని పళ్లచక్రాల మీద తిరిగే పట్టాకు (బండిని ముందుకు నెట్టే వెడల్పాటి పట్టీకి) పేటెంటు పొందాడు. ఆయన పెద్ద బళ్లను వైద్యులు, తపాలావారు కొన్నారు. 1940ల చివర క్విబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద కూడా మంచు తీయించడం మొదలుపెట్టేసరికి వాటికి గిరాకీ పడిపోయింది. దాంతో చిన్న బండి వైపు దృష్టి మళ్లింది. 1959లో స్కీ-డూ అనే చిన్న బండి బయటికొచ్చింది. అడవుల్లో ఉచ్చులు పన్నేవాళ్లకూ మారుమూల మిషనరీలకూ పనికొస్తుందని చేసిన ఆ బండిని ఆదివారం సరదా కోసం కొన్నవాళ్లే ఎక్కువయ్యారు.

పదేళ్లు తిరిగేసరికి అది వేలంవెర్రి అయింది. 1971లో ఉత్తర అమెరికాలో అమ్ముడైన స్నోమొబైళ్లు దాదాపు 4,95,000. తయారీ సంస్థలు వందకు పైనే ఉండేవి. ఇన్ని బళ్లు వచ్చాయి గానీ వాటికంటూ ఒక దారి లేదు. మంచు కప్పిన పొలం ఎవరి పొలమో బండెక్కినవాడికి కనిపించదు. కంచెలు తెగాయి, నాటిన మొక్కలు నలిగాయి, జింకలను తరిమారు, అర్ధరాత్రి ఇళ్ల పక్కన రెండు స్ట్రోకుల ఇంజన్లు రంపాల్లా అరిచాయి. రైతులకు ఒళ్లు మండిందంటే ఆశ్చర్యం లేదు. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో ఇలాంటి వాహనాలు ఎక్కడ తిరగవచ్చో ఎక్కడ తిరగకూడదో గుర్తించాలంటూ ఉత్తర్వు జారీ చేశారు. రాష్ట్రాలు రిజిస్ట్రేషన్లు తప్పనిసరి చేశాయి.

ట్రెయిల్ పుట్టింది ఈ తగాదాలోంచి. అది విహారానికి వేసిన బాట అని ఇప్పుడు అనుకుంటాం గానీ, మొదట అది రాజీ ఒప్పందం. 'మీ పొలంలో ఈ అంచు వెంట పన్నెండడుగుల పట్టీ ఇవ్వండి, మా వాళ్లెవరూ దాన్ని దాటి రారు' అని ఊరి స్నోమొబైల్ క్లబ్బు రైతుకిచ్చిన మాట. కెనడాలోని ఒంటారియోలో క్లబ్బుల సమాఖ్య 1966లోనే ఏర్పడింది. అమెరికాలోని వెర్మాంట్‌లో 1967లో, విస్కాన్సిన్‌లో 1969లో రాష్ట్ర సంఘాలు వచ్చాయి. మిషిగన్ ఉత్తర ద్వీపకల్పంలో మూతపడ్డ రాగి గనుల రైలు మార్గాలు కలిసొచ్చాయి. హౌటన్ నుంచి దక్షిణంగా సాగే బిల్ నికల్స్ ట్రెయిల్ ఒకప్పటి కాపర్ రేంజ్ రైలు కట్టే. విస్కాన్సిన్‌లో సంగతి వేరు. అక్కడి సుమారు 25,000 మైళ్ల ట్రెయిళ్లలో ఎక్కువ భాగం ప్రైవేటు భూముల గుండా పోతుంది.

ఆ భూములకు అద్దె ఎంత ఇస్తారు? దాదాపు ఏమీ ఇవ్వరు. ఇది పిసినారితనం కాదు, చట్టం అలా ఉంది. వినోదం కోసం తన నేలలోకి రానిచ్చిన యజమానిని ప్రమాదం జరిగితే బాధ్యుణ్ని చేయకుండా విస్కాన్సిన్ చట్టం కాపాడుతుంది. అయితే ఏడాదిలో 2,000 డాలర్లకు మించి వసూలు చేసిన యజమానికి ఆ రక్షణ ఉండదు. కాబట్టి రైతుకు ముట్టేది కృతజ్ఞతలు, క్లబ్బు విందుకు పిలుపు, దారి గుర్తుగా పాతిన కొయ్యలను వసంతంలో తీసేస్తామన్న హామీ. ఒక్క రైతు కాదంటే ఆ దారి తెగిపోతుంది. పక్క పొలాల మీదుగా కొత్త చుట్టుదారి, వాగు అడ్డొస్తే కొత్త వంతెన. దీనికంతటికీ డబ్బు కావాలి.

అసలు ఖర్చు మాత్రం రాత్రిపూట నడుస్తుంది. పగలంతా బళ్లు తొక్కిన ట్రెయిల్ మీద గతుకులు లేస్తాయి. ప్రతి మలుపు దగ్గరా బ్రేకు వేసి, దాటగానే వేగం పెంచినప్పుడల్లా పట్టా మంచును వెనక్కి కుప్పవేస్తుంది. వారం వదిలేస్తే నడుము విరిగేటంత ఎత్తుపల్లాలు. చీకటి పడి చలి బిగిశాక గ్రూమర్ బయల్దేరుతుంది. ట్రాక్టరంత, కొన్నిచోట్ల బస్సంత పట్టాల బండి. వెనకాల పొడుగాటి ఉక్కు చట్రం. దాని పలకలు గడ్డకట్టిన గుట్టలను కోసి, చూర్ణం చేసి, చివర పళ్లెంతో అదిమి వదులుతాయి. ఎక్కువ వేగంగా పోతే పని పాడవుతుంది. గంటకు పది కిలోమీటర్లు, అంతే. అదిమిన మంచు గట్టిపడటానికి మరికొన్ని గంటల గడ్డ చలి కావాలి. అందుకే తెల్లవారుజామున పని ముగించి డ్రైవరు ఇంటికి పోతాడు. చాలాచోట్ల అతనికి మర్నాడు మరో ఉద్యోగం ఉంటుంది. తొమ్మిదింటికి వచ్చే మొదటి గుంపుకు బల్ల పరుపులాంటి దారి దొరుకుతుంది. మధ్యాహ్నానికి మళ్లీ గతుకులే. యంత్రం ధర లక్షల డాలర్లలో ఉంటుంది. డీజిల్ వేరు, ఊడిన పట్టా బాగుచేయించడం వేరు.

ఈ ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర ఒక్కో ప్రాంతం ఒక్కో దారి పట్టింది. విస్కాన్సిన్ పెట్రోలు పన్నును పట్టుకుంది. ట్యాంకులో పోసే ప్రతి గ్యాలనుకూ రోడ్డు పన్ను కడుతున్నారు గానీ ఆ బండి రోడ్డెక్కదు కదా అన్నది వాదన. రిజిస్టరయిన ఒక్కో బండి ఏడాదికి 50 గ్యాలన్లు తాగుతుందని లెక్కవేసి, గ్యాలను పన్నుతో గుణించి, దాన్ని మళ్లీ 1.4తో పెంచి ట్రెయిళ్ల ఖాతాకు మళ్లిస్తారు. గ్యాలనుకు 30.9 సెంట్ల చొప్పున చూస్తే బండికి 21 డాలర్ల 63 సెంట్లు. అది చాలలేదు. 2015లో ట్రెయిల్ పాస్ పెట్టారు. స్థానికులకు 30 డాలర్లు, బయటి రాష్ట్రాలవారికి 50. క్లబ్బులోనూ రాష్ట్ర సంఘంలోనూ సభ్యులైన స్థానికులకు మాత్రం పదే. న్యూయార్క్ ఇదే కిటుకును రిజిస్ట్రేషన్‌లో పెట్టింది. ఏళ్ల తరబడి అక్కడ సభ్యులకు 45, కానివారికి 100 డాలర్లు.

ఈ తేడాను రాయితీ అంటారు గానీ, నా దృష్టిలో అది ఎర. పది డాలర్ల పాస్ కోసం చేరినవాడు క్లబ్బు చందా ఎలాగూ కట్టాలి. రెండూ కలిపితే జేబులో మిగిలేది పెద్దగా ఉండదు, ఒక్కోచోట ఎదురు ఖర్చు అవుతుంది కూడా. మరి ప్రయోజనం? అక్టోబరు చివర మొక్కజొన్న కోత అయ్యాక కొయ్యలు పాతడానికి శనివారం పొద్దున్నే పది మంది కావాలి. ఆ పేర్లు ఎక్కడో ఒక జాబితాలో ఉండాలి. జాబితా తయారుచేయడానికి ప్రభుత్వం ఇరవై డాలర్లు వదులుకుంది.

ఒంటారియో చట్టాన్ని నమ్ముకుంది. 2000లో శాసనసభ చేసిన సవరణతో మరుసటి సీజన్ నుంచి క్లబ్బుల సమాఖ్య ట్రెయిళ్ల మీద పర్మిట్ చట్టరీత్యా తప్పనిసరి అయింది. సుమారు 30,000 కిలోమీటర్ల ఆ దారులకు ధర తేదీని బట్టి మారుతుంది. నవంబరు 1 లోపు కొంటే ఒక రేటు, డిసెంబరు 1 లోపు మరికాస్త ఎక్కువ, ఆ తర్వాత పూర్తి ధర. 1999, అంతకు ముందటి మోడళ్లకు చవక పర్మిట్. కొద్దిరోజుల కోసం వచ్చేవారికి వేరేది. ముందు కొంటే తగ్గింపు ఎందుకు? మంచు పడకముందే వంతెనలు సరిచేయాలి, గ్రూమర్లు విప్పి బిగించాలి, కొయ్యలు కొనాలి. అంటే ఇంకా కురవని మంచు మీద బండి యజమాని క్లబ్బుకు ఇస్తున్న చేబదులు అది. తగ్గింపే దాని వడ్డీ. మంచు పడకపోతే అసలు కూడా రాదు.

మిషిగన్ ఇవేవీ పెట్టుకోలేదు. అక్కడ రోజు పాస్ లేదు, వారం పాస్ లేదు, ముందస్తు తగ్గింపు లేదు. స్థానికుడికీ పొరుగు రాష్ట్రంవాడికీ ఒకటే ధర. 2010 తర్వాత 45 డాలర్లు. ఆపైన అయిదేళ్లకోసారి ధరల సూచీని బట్టి రాష్ట్ర కోశాధికారి సవరించాలని చట్టంలోనే రాసేశారు. అలా 48 అయింది, 52 అయింది. ప్రతిసారీ శాసనసభలో పెంపు మీద రభస లేకుండా చేసిన ఈ ఏర్పాటు నాకు తెలివైనదిగానే తోస్తుంది. గడ్డకట్టిన చెరువు మీద చేపల వేటకు మాత్రమే బండి వాడేవారికి, సొంత భూమిలో తిప్పుకునేవారికి పర్మిట్ అక్కర్లేదు. ఫిబ్రవరిలో ఒక వారాంతం అందరికీ ఉచితం.

ఇప్పుడు లాభనష్టాల లెక్క. రోజుకు 150 మైళ్లు తిరిగితే పది, పన్నెండు గ్యాలన్ల పెట్రోలు కాలుతుంది. గ్యాలను మూడున్నర డాలర్లనుకుంటే 35 నుంచి 42 డాలర్లు. అంటే మిషిగన్ ఏడాది పర్మిట్ ఖరీదు రోజున్నర పెట్రోలు ఖర్చుకు మించదు. కొత్త బండి ధర పదిహేను వేల డాలర్లు దాటుతున్న రోజుల్లో ఇదొక ఖర్చేనా అనిపిస్తుంది. అయితే పర్మిట్ మనిషికి కాదు, బండికి. ఇంట్లో నాలుగు బళ్లుంటే 208 డాలర్లు. రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉండేవాడికి రెండు స్టిక్కర్లు. దక్షిణ మిషిగన్‌లో ఉండి ఏడాదికి రెండు రోజులు దొరికితే గొప్ప అనుకునేవాడికి రోజుకు 26 డాలర్లు పడుతుంది. ఆ రెండు రోజులూ వాన పడితే ఇక చెప్పనక్కరలేదు. రోజు పాస్ కావాలని అడిగేది వీళ్లే, వాళ్ల గోడు అన్యాయమేమీ కాదు. కాకపోతే గ్రూమర్ షెడ్డు బీమా, యంత్రం వాయిదా మంచు పడిన రోజులను లెక్కపెట్టుకుని రావు. రోజు పాసులే అమ్మితే వెచ్చని ఏడాది క్లబ్బు ఖాతాలో డబ్బుండదు. మరుసటి ఏడాది బాగా కురిసినా దారి వేసే యంత్రం ఉండదు. సీజన్ పాస్ ఆ నష్టాన్ని ఒక్క క్లబ్బు నెత్తిన పెట్టకుండా వేలమంది మీద సర్దుతుంది. చలికాలాలు ఇలాగే వెచ్చబడుతూ పోతే ఎంతమంది ఆ వాటా మోయడానికి ఒప్పుకుంటారన్నదే చిక్కు. ముఖ్యంగా, మంచు ఇంకా నమ్మకంగా పడే ఉత్తరాదివారికీ, పడని దక్షిణాదివారికీ ఒకే ధర ఉన్నచోట.

ఆ తేడా ఎంతో హౌటన్ దాటి ఉత్తరంగా వెళ్తే కంటికి కనిపిస్తుంది. కీవీనా ద్వీపకల్పంలో హైవే 41 పక్కన పెద్ద కొలబద్దలాంటి బోర్డు ఉంటుంది. 1978-79 చలికాలంలో అక్కడ కురిసిన మంచు 390.4 అంగుళాలు. ముప్పై రెండున్నర అడుగులు. సాధారణ సంవత్సరాల్లో కూడా 200 అంగుళాలు దాటే చోటు అది. హౌటన్‌లోని మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో చదివే తెలుగు విద్యార్థులకు ఈ స్టిక్కరు కొత్త కాదు. పొగ, చప్పుడు తక్కువగా ఉండే స్నోమొబైళ్లను తయారుచేసే విద్యార్థుల పోటీ ఏళ్ల తరబడి జరిగింది అక్కడే. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు దాదాపు 550 మైళ్లు కారు నడిపి అక్కడికి చేరి, బండి అద్దెకు తీసుకున్నప్పుడు సాధారణంగా పర్మిట్ గురించి బెంగపడనక్కరలేదు. స్టిక్కరు బండి మీదే ఉంటుంది, దాని ఖరీదు అద్దెలోకి ఎక్కేసి ఉంటుంది. బయల్దేరే ముందు చూసుకోవలసింది రాత్రి గ్రూమర్ ఆ దారిన వెళ్లిందా లేదా అని.