గ్యాడ్ యాంటీబాడీ పరీక్ష గురించి ఓపీలో రోజూ వినే అపోహలు

38 ఏళ్ల ఆవిడ ఒకరు పోయినేడు నా దగ్గరికి వచ్చారు. రెండేళ్లలో షుగర్ మాత్రలు ఒకటి కాస్తా మూడయ్యాయి, అయినా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 10 నుంచి దిగలేదు. బీపీ చూద్దామని చెయ్యి పైకెత్తమంటే గాజులు మోచేతి దాకా జారిపోయాయి. "అన్నం కూడా మానేశానండీ, ఇంకేం మానాలి?" అని అడిగారు. పథ్యం చేయట్లేదని ఇంట్లోనూ, ముందు చూపించుకున్న చోటా చివాట్లేనట. ఒంటి రక్షణ వ్యవస్థ ఇన్సులిన్ కణాల మీదే దాడి చేస్తోందా అని చెప్పే రక్తపరీక్ష గ్యాడ్ యాంటీబాడీ చేయిస్తే చాలా ఎక్కువగా వచ్చింది, ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సీ-పెప్టైడ్ అడుగంటింది. ఆమెది టైప్ 1, అంటే ఆ దాడి వల్ల వచ్చే షుగర్. చేయని తప్పుకి రెండేళ్లు మాటలు పడ్డారన్నదే నాకు ఇప్పటికీ బాధ.

అపోహ: టైప్ 1 పిల్లలకే వస్తుంది.

ఏ వయసులోనైనా వస్తుంది. బ్రిటన్‌లో కొత్తగా టైప్ 2 అని తేలినవాళ్ల మీద చేసిన యూకేపీడీఎస్ అధ్యయనంలోనే దాదాపు పదోవంతు మందికి గ్యాడ్ యాంటీబాడీలు కనిపించాయి. పెద్దవాళ్లలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు నెమ్మదిగా పోతాయి కాబట్టి కొన్నాళ్లు మాత్రలు పనిచేస్తున్నట్టే ఉంటుంది, మేం డాక్టర్లం కూడా అక్కడే పొరబడతాం.

అపోహ: అయితే షుగర్ ఉన్న అందరూ చేయించుకోవాలి.

వద్దు. అనుమానం లేనివాళ్లకి చేస్తే కొద్దిపాటి పాజిటివ్‌లు వచ్చి, వాటిలో చాలావరకు ఉత్తవే అయ్యి, లేనిపోని టెన్షన్ మిగులుతుంది. 35 ఏళ్లలోపు వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి రక్తంలో, మూత్రంలో చేరే ఆమ్లాలు) కనిపించినా, మాత్రలు వాడుతున్నా షుగర్ త్వరగా అదుపు తప్పినా, థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నా అడగండి. సన్నగా ఉన్నంత మాత్రాన టైప్ 1 అనుకోకండి. మనవాళ్లలో సన్నటి టైప్ 2 మామూలే, క్లోమంలో (పాంక్రియాస్) రాళ్ల వల్ల వచ్చే షుగర్ కూడా ఉంది, దానికి స్కానింగ్ చేస్తే తెలుస్తుంది.

అపోహ: నెగెటివ్ వస్తే టైప్ 1 కానట్టే.

ఇది ప్రమాదకరమైన అపోహ. గ్యాడ్ నెగెటివ్ అయినా అనుమానం పోకపోతే ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8 అనే ఇలాంటి వేరే యాంటీబాడీలు కూడా చూడాలి. టైప్ 1 వాళ్లలో 5 నుంచి 10 శాతం మందికి మొదట్లోనే ఏదీ పాజిటివ్ రాదు, ఏళ్లు గడిచేకొద్దీ ఉన్నవీ తగ్గిపోవచ్చు. అప్పుడు సీ-పెప్టైడ్ ఆసరా, అదీ జబ్బు వచ్చి మూడేళ్లు దాటాక బాగా తెలుస్తుంది. షుగర్ 400 ఉన్న రోజు తీసిన సీ-పెప్టైడ్ తక్కువ వచ్చిందని తీర్పు చెప్పేయకూడదు.

ఇదే కోవలోని ఇన్సులిన్ యాంటీబాడీ పరీక్ష సంగతి వేరు. ఇన్సులిన్ వేసుకోవడం మొదలుపెట్టి రెండు వారాలు దాటితే ఆ ఇంజెక్షన్ మీద కూడా ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి, కాబట్టి ఆ రిపోర్ట్ పనికిరాదు.

అపోహ: యాంటీబాడీలే క్లోమాన్ని తినేస్తాయి, ఆ నంబర్ తగ్గితే జబ్బు తగ్గినట్టు.

బీటా కణాల్ని చంపేవి ప్రధానంగా టీ-కణాలు, యాంటీబాడీ ఆ దాడికి గుర్తు మాత్రమే. జబ్బు ఖాయమయ్యాక ఆర్నెల్లకోసారి మళ్లీ చేయించడం డబ్బు దండగ.

పరగడుపున రానక్కర్లేదు. రిపోర్ట్‌కి కొన్ని రోజులు పట్టొచ్చు, కానీ వాంతులు, ఆయాసం, కీటోన్లు ఉన్న మనిషిని దాని కోసం ఆపొద్దు. రక్తం తీసి పంపించి, ఆసుపత్రిలో వెంటనే చికిత్స మొదలుపెట్టాలి. ఇన్సులిన్ ఇచ్చినంత మాత్రాన గ్యాడ్ ఫలితం మారదు.