కాంతికి కాలం ఆగిందా, అసలు లేదా?

"కాంతికి టైమ్ ఆగిపోతుంది" అని ఒక లెక్చరర్ బోర్డు మీద రాస్తారు. పక్క సెక్షన్ మాస్టారు అది తప్పంటారు. కోనసీమలో డిగ్రీ ఫిజిక్స్ చెప్పేవాళ్ల మధ్య ఈ పాత తగువు మళ్లీ రాజుకుంది. పరీక్షలో ఏది రాయాలో తెలియక పిల్లలకి టెన్షన్.

వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుందనీ, కాంతి వేగం ఎవరు కొలిచినా ఒకటేననీ ఐన్‌స్టీన్ 1905లో చెప్పాడు. ఈ తగువు ముడి మాత్రం 1908లో ఉంది. ఆ సెప్టెంబరు 21న కొలోన్‌లో హెర్మన్ మింకోవ్‌స్కీ ఉపన్యాసమిచ్చాడు. జూరిక్‌లో ఐన్‌స్టీన్‌కి లెక్కలు చెప్పిన గురువే ఆయన. స్థలాన్నీ కాలాన్నీ కలిపి ఒకే కొలతగా చూడాలన్నాడు.

ఆ కొలత ఇలా ఉంటుంది. నరసాపురం రేవులో పంటు ఎక్కాం. అవతల సఖినేటిపల్లి గట్టు 8 కాంతి నిమిషాల (కాంతి ఒక నిమిషంలో వెళ్లే దూరం ఒక కాంతి నిమిషం) దూరంలో ఉందనీ, గట్టు మీది గడియారం ప్రకారం దాటడానికి 10 నిమిషాలు పట్టిందనీ అనుకుందాం. 10 వర్గం 100, 8 వర్గం 64. తీసేస్తే 36, దాని వర్గమూలం 6. పంటు మీద మన చేతి గడియారంలో గడిచింది 6 నిమిషాలే. ఇదే స్వీయకాలం. అదే 10 నిమిషాల్లో కాంతి వెళ్లే దూరం 10 కాంతి నిమిషాలు. తీసేస్తే సున్నా.

"ఆగిపోయింది" అనేవాళ్లు పట్టుకున్నది ఈ సున్నానే. పంటు వేగం కాంతి వేగంలో 99.5 శాతానికి పెరిగితే ఆ 10 నిమిషాలు మనకి సుమారు ఒక్క నిమిషం అవుతాయి. అందుకే వాళ్లకి అలా తోస్తుంది.

కానీ 6 నిమిషాలు చూసినవాడికి నిలబడ్డానికి పంటు ఉంది. పంటుతో పోలిస్తే అతను కదలడం లేదు, అందుకే చేతి గడియారం చూడగలిగాడు. కాంతికి అలాంటి పంటు లేదు. జడత్వ చట్రంలో, అంటే వేగం, దిశ మారకుండా సాగే చోట, ఎవరు కొలిచినా శూన్యంలో కాంతి వేగం ఒకటేనని (సెకనుకి సుమారు 2,99,792 కిలోమీటర్లు) ఐన్‌స్టీన్ 1905 నాటి రెండో సూత్రమే చెబుతోంది. కాంతి మీద కూర్చున్నవాడికి ఆ కాంతి కదలకుండా కనిపించాలి, అంటే ఆ సూత్రం అక్కడే కూలిపోతుంది. కాబట్టి ఆ సున్నా మింకోవ్‌స్కీ కొలతలో దారి పొడవు మాత్రమే. దాన్ని ఆగిన గడియారంగా చదవడం కుదరదు. పక్క సెక్షన్ మాస్టారి మాటే నిలుస్తుంది.

మింకోవ్‌స్కీ రాతలు మనకి కొత్తేమీ కాదు. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ చేసిన ఇంగ్లిష్ అనువాదాన్ని 1920లోనే కలకత్తా విశ్వవిద్యాలయం అచ్చు వేసింది. ఐన్‌స్టీన్ పేపర్ల పక్కనే ఆయనవీ ఉన్నాయి.