కొలిమి పక్కన నిలబడ్డ మనిషి మాట

అల్యూమినియం స్మెల్టర్‌లో, అంటే ఆ లోహాన్ని తీసే ఫ్యాక్టరీలో, వరసగా ‘పాట్’ అనే పెద్ద తొట్లు ఉంటాయి. ఒక్కో దాంట్లో దాదాపు 950 డిగ్రీల వేడిలో ద్రవం కాగుతుంటుంది. అందులో కరిగిన అల్యూమినా (అల్యూమినియానికి ముడిసరుకు) మరీ తగ్గితే 4 వోల్టుల దగ్గర నడిచే పాట్ ఒక్కసారిగా 30 వోల్టులు దాటేస్తుంది. దీన్ని యానోడ్ ఎఫెక్ట్ అంటారు. పాత పాట్‌రూముల్లో కార్మికులు పచ్చి కర్రను ఆ ద్రవంలోకి దూర్చేవాళ్లు. కర్రలోంచి పొంగే గ్యాస్ ద్రవాన్ని కలియబెట్టి పాట్‌ను దారికి తెచ్చేది. కిలో లోహానికి 13 నుంచి 15 యూనిట్ల కరెంటు తినే చోట ఆ నిమిషాలు ఎంత ఖరీదైనవో చెప్పక్కర్లేదు. ఏ పాట్ ఎప్పుడు మొరాయిస్తుందో ఆఫీసు కంటే ముందు తెలిసేది దాని పక్కన నిలబడ్డ మనిషికే.

ఆ మనిషిని అడగాలన్న ఆలోచన పాతదే. 1930ల్లో ఒహాయోలో ఒక ఉక్కు మిల్లు మూతపడే స్థితికి వచ్చింది. ఖర్చు తగ్గించే దారులు కార్మికుల దగ్గరే ఉన్నాయన్నాడు యూనియన్ నాయకుడు జోసెఫ్ స్కాన్లన్. ఆదా అయిన డబ్బులో వాళ్లకూ వాటా ఇవ్వడం తర్వాత ఆయన పేరుతోనే ఒక పద్ధతి అయింది. నా దృష్టిలో అసలు కీలకం ఆ వాటాయే. 1962లో జపాన్‌లో నాణ్యతా నిపుణుడు కవోరు ఇషికావా క్వాలిటీ సర్కిళ్లకు, అంటే పనిలో సమస్యలను కార్మికులే కూర్చుని విప్పుకునే చిన్న బృందాలకు, రూపం ఇచ్చారు.

మన దేశంలో వందమంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీల్లో వర్క్స్ కమిటీలకు (యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు కలిసి కూర్చునేవి) 1947 పారిశ్రామిక వివాదాల చట్టమే వీలు కల్పించింది. యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యం 1976లో 43ఏ అధికరణంగా రాజ్యాంగంలోకి ఎక్కింది. కాగితం మీది ఆ మాట షాప్‌ఫ్లోర్‌కి దిగడంలో హైదరాబాద్‌ది పెద్ద పాత్ర. దేశంలో తొలి క్వాలిటీ సర్కిళ్లు 1980 ప్రాంతంలో రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనే మొదలయ్యాయి. ఆ సంస్థ అధికారి ఎస్.ఆర్. ఉడ్పా చొరవ అది. 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా కూడా ఇక్కడే పుట్టింది.

క్వాలిటీ సర్కిల్ పద్ధతి సులువే. ఒకే సెక్షన్‌లో పనిచేసే పదిమంది లోపు ఇష్టపూర్వకంగా వారానికో గంట కూర్చుంటారు. సమస్యను చేపముల్లు బొమ్మగా గీస్తారు: తలలో సమస్య, ముళ్లలో కారణాలు. పదో తరగతి దాటని కార్మికుడు కూడా అందులో ఒక ముల్లు గీయగలడు. తన అనుభవం బోర్డు మీదికి ఎక్కడం చూసిన మనిషి మర్నాడు పనిలోకి వచ్చే తీరే వేరు.

ఈ పద్ధతి ఎక్కడ నీరసించిందో చూస్తే, సలహా తీసుకుని జవాబు చెప్పకపోవడమే ముందు కనిపిస్తుంది. ఔననకపోయినా ఫర్వాలేదు, కాదనడానికి కారణమైనా చెప్పాలి. ఇంకోటి, ఇవాళ కొలిమి దగ్గరి బరువు పనులు చాలాచోట్ల కాంట్రాక్టు కార్మికులు చేస్తున్నారు. వచ్చే నెల పని ఉంటుందో లేదోనన్న టెన్షన్‌లో ఉన్న మనిషి, ఫలానా చోట లోహం వృథా పోతోందని నోరు విప్పి చెప్పడు.